నసీరుద్దీన్ తూసీ ద్రోహియా, కోపర్నికస్‌కు గురువా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. అలమూత్ కోటను, ఆ తర్వాత బాగ్దాదును మంగోలులకు అప్పగించడంలో పదమూడో శతాబ్దపు ఇరాన్ ఖగోళశాస్త్రజ్ఞుడు తూసీ హస్తం ఉందన్న మాట నిజమా అన్నది ఒకటి; మరాగా వేధశాలలో ఆయన అసలు సాధించినది ఏమిటన్నది రెండోది; భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న తన సిద్ధాంతాన్ని కోపర్నికస్ తూసీ దగ్గరినుంచే తీసుకున్నాడని చెలామణిలో ఉన్న మాటకు ఆధారం ఎంత అన్నది మూడోది. నేను ముప్పై ఏళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పినవాణ్ణి. ఖగోళశాస్త్ర చరిత్ర చదవడం ఆ ఉద్యోగం పక్కనే పెరిగిన అలవాటు. కాబట్టి మొదటి ప్రశ్నకు చదువరిగానూ, మిగిలిన రెండింటికి కొంత పంతులుగానూ జవాబు చెబుతాను. ద్రోహి అని తిట్టేవారూ, కోపర్నికస్‌కు ముందే అంతా చెప్పేశాడని పొగిడేవారూ తూసీ పాతికేళ్లకు పైగా వదలకుండా మోసిన ప్రశ్నను మాత్రం పక్కన పెట్టేస్తారు. లెక్క ఆకాశంతో సరిపోతే చాలునా, లేక ఆ లెక్క చెప్పినట్టు ఒక వస్తువు నిజంగా తిరగగలగాలా అన్నదే ఆ ప్రశ్న.

ఆయన పూర్తి పేరు అబూ జాఫర్ ముహమ్మద్ ఇబ్న్ ముహమ్మద్ ఇబ్న్ హసన్. నసీరుద్దీన్ అన్నది బిరుదు, తూసీ అన్నది ఊరి పేరు. 1201 ఫిబ్రవరిలో ఇరాన్ ఈశాన్య భాగంలోని ఖొరాసాన్‌లో, తూస్ పట్టణంలో పుట్టాడు. ఫిర్దౌసీదీ గజాలీదీ కూడా ఆ ఊరే. తండ్రి షియా ధర్మశాస్త్ర పండితుడు కావడంతో మొదటి చదువు ఇంట్లోనే సాగింది. ఆ తర్వాత నిషాపూర్‌లో ఇబ్న్ సీనా తత్వశాస్త్రాన్ని, మోసుల్‌లో కమాలుద్దీన్ ఇబ్న్ యూనుస్ దగ్గర గణితాన్ని చదువుకున్నాడు. ఆ యౌవనకాలంలోనే చెంగిజ్ ఖాన్ సేనలు ఖొరాసాన్ మీద పడ్డాయి. తాను చదువుకున్న నిషాపూర్ 1221లో నేలమట్టమైంది. ఆ తరంలో పండితుడన్నవాడికి పుస్తకాలు, పూట గడవడం, ప్రాణభద్రత మూడూ ఒకేచోట దొరికే ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగిలాయి.

అలాంటి చోటు ఆయనకు కుహిస్తాన్‌లో దొరికింది. అక్కడి పాలకుడు నాసిరుద్దీన్ ముహ్తషమ్ నిజారీ ఇస్మాయిలీలనే షియా శాఖ తరఫున ఆ ప్రాంతాన్ని ఏలుతూ పండితులను ఆదరించేవాడు. (ఇతని పేరు నాసిర్, మన తూసీ పేరు నసీర్. దీర్ఘం ఒక్కటి అటూ ఇటూ అవడం వల్ల చాలా వ్యాసాల్లో ఇద్దరూ కలిసిపోయి కనిపిస్తారు.) ఆ పాలకుడి కోరిక మీద రాసిన నీతిగ్రంథం 'అఖ్లాఖ్-ఎ-నాసిరీ' 1235 ప్రాంతంలో పూర్తయింది. మనిషి నడవడి, ఇంటి నిర్వహణ, రాజ్యపాలన అనే మూడు భాగాలున్న ఈ పారసీ గ్రంథాన్ని మూడున్నర శతాబ్దాల తర్వాత అక్బరు చదివించుకుని వినేవాడు. అదే సంవత్సరం పాలకుడి కొడుకు ముఈనుద్దీన్ పేరిట 'రిసాలా-యె ముఈనియ్యా' అనే ఖగోళశాస్త్ర పుస్తకం కూడా రాశాడు. ఆ చిన్న పుస్తకం దగ్గరికి తర్వాత వస్తాను, ఎందుకంటే అసలు కథ మొదలయ్యేది అక్కడే.

కుహిస్తాన్‌లోనూ, ఆ తర్వాత అలమూత్ కోటలోనూ కలిపి ఇస్మాయిలీల మధ్య ఆయన ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. ఆ కాలంలో ఆయన స్వేచ్ఛగా ఉన్నాడా, బందీగా ఉన్నాడా అన్నది మొదటి తగాదా. రెండు వైపులా సాక్ష్యం ఉంది, రెండూ ఆయన చేతిరాతే. ఇస్మాయిలీ మతసూత్రాలను లోపలి మనిషిగా వివరించిన రచనలు ఆయనవి ఉన్నాయి. మరోవైపు ఇబ్న్ సీనా గ్రంథం 'ఇషారాత్' మీద 1240లలో రాసిన వ్యాఖ్యానం చివర, చుట్టూ ఎటు చూసినా ఆపద ఉంగరంలా బిగిసి ఉంటే అందులో పొదిగిన రాయిని నేను అన్న భావంతో ఒక పారసీ పద్యపాదాన్ని ఉదహరించాడు. కోట కూలిన తర్వాత మరో పని కూడా చేశాడు. 'అఖ్లాఖ్-ఎ-నాసిరీ'కి మొదట రాసిన ముందుమాటలో ఇస్మాయిలీ ప్రభువులను కీర్తించాడు కదా, దాన్ని తీసేసి కొత్త ముందుమాట పెట్టి, పాతది ప్రాణాలూ పరువూ కాపాడుకోవడానికి రాసిందన్నాడు. నా అభిప్రాయం అడిగితే, 1235 నాటి మనిషి ఇష్టపడే ఉన్నాడు, 1246 నాటి మనిషి విసిగిపోయి ఉన్నాడు, 1256 తర్వాతి మనిషి కొత్త ప్రభువుకు తగ్గట్టు మాట్లాడాడు. ఇరవై ఏళ్లలో ఒకే మనిషికి ఒకే మనసు ఉండి తీరాలన్న పట్టుదల చరిత్ర రాసేవారిదే తప్ప బతికినవారిది కాదు.

1256 నవంబరులో చెంగిజ్ ఖాన్ మనవడు హులాగూ సేనలు మైమూన్‌దిజ్ దుర్గాన్ని చుట్టుముట్టగా, అలమూత్‌కూ అధిపతైన ఇస్మాయిలీ ఇమాము రుక్నుద్దీన్ ఖుర్‌షా లొంగిపోయాడు. సంధి మాటలకు ఆయన పంపినవారిలో తూసీ ఉన్నాడు, లొంగిపొమ్మన్న సలహాలోనూ తూసీ గొంతు ఉంది. దీన్ని ద్రోహం అనాలా? ఖుర్‌షాను ఆ తర్వాత మంగోలులు చంపేసిన మాట వాస్తవమే. కానీ అప్పటికే కోట చుట్టూ దిగిన సైన్యాన్ని గెలిచే దారి ఖుర్‌షాకు లేదు, ఆ సంగతి ఖుర్‌షాకూ తెలుసు. తలుపు తెరిచినవాడు తూసీ కాదు, తెరవక తప్పదని పైకి అన్నవారిలో ఒకడు.

బాగ్దాదు సంగతి వేరు. మంగోలు ఆస్థాన చరిత్రకారుడు రషీదుద్దీన్ రాసిన చరిత్ర ప్రకారం, దండయాత్రకు ముందు హుసాముద్దీన్ అనే జ్యోతిషుడు ఖలీఫా నగరం మీదికి వెళితే వానలు ఆగిపోతాయి, గుర్రాలు చస్తాయి అంటూ ఆరు ఉపద్రవాలు ఏకరువు పెట్టాడు. హులాగూ తూసీని పిలిచి అడిగాడు. తూసీ ఆకాశం వైపు చూడకుండా చరిత్ర చెప్పాడు. పాత ఖలీఫాల్లో అమీన్‌ను చంపారు, ముతవక్కిల్‌ను సొంత కొడుకూ సేనానులూ కలిసి చంపారు, అప్పుడేమీ ప్రళయం రాలేదు కదా అన్నాడు. మరి ఇప్పుడేం జరుగుతుందని హులాగూ అడిగితే, ఖలీఫా స్థానంలో మీరుంటారు అన్నాడు. 1258 ఫిబ్రవరిలో బాగ్దాదు పడిపోయింది, ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపారు, నగరంలో ఊచకోత జరిగింది. ఆ తరువాతి తరాల్లో సున్నీ మతపండితుడు ఇబ్న్ తైమియ్యా వంటివారు తూసీని తీవ్రంగా నిందించారు. షియా రచయితలు ఆయన్ను విద్యను కాపాడినవాడిగా నిలబెట్టారు. ఆ జవాబు ఖగోళశాస్త్రజ్ఞుడిగా నూటికి నూరుపాళ్లు నిజాయితీ అయినది, ఎందుకంటే ఒక రాజును చంపితే వానలు ఆగవు. కానీ సత్యం చెప్పిన చోటు, చెప్పిన వేళ మనిషి ఖాతాలోనే పడతాయి. ఆయన అలా అనకపోతే హులాగూ వెనుదిరిగేవాడని మాత్రం నేను నమ్మను, ఎందుకంటే ఆ దండయాత్ర అప్పటికే మంగోలు రాజధానిలో తీర్మానమైపోయింది.

అలమూత్ పతనంలో మరో చిన్న దృశ్యం ఉంది. హులాగూ వెంట వచ్చిన చరిత్రకారుడు జువైనీ అక్కడి గ్రంథాలయంలోకి వెళ్లి, ఖురాన్ ప్రతులను, మంచివని తోచిన పుస్తకాలను, కొన్ని ఖగోళ పరికరాలను బయటికి తీసి, ఇస్మాయిలీ మతానికి సంబంధించినవాటిని తగలబెట్టించాడు. ఈ మాట జువైనీ సంతోషంగా తానే రాసుకున్నాడు.

ఇక మరాగా. ఇప్పటి ఇరాన్‌లోని తూర్పు అజర్‌బైజాన్‌లో, మరాగా పట్టణానికి పడమటి పక్కనున్న గుట్ట మీద 1259లో వేధశాల నిర్మాణం మొదలైంది. హులాగూకు జ్యోతిషం మీద నమ్మకం ఎక్కువ. డబ్బు బయటికి రావడానికి తూసీ దాన్నే వాడుకున్నాడు. విధి తప్పనప్పుడు ముందే తెలుసుకుని లాభమేమిటని హులాగూ సణిగితే, తూసీ గుట్ట మీదినుంచి ఒక పెద్ద లోహపాత్రను కిందికి దొర్లించమన్నాడని ఒక కథ ఉంది. ఆ చప్పుడుకు సైనికులంతా చెదిరిపోతే, సంగతి ముందే తెలిసిన వీరిద్దరూ మాత్రం కదలకుండా కూర్చున్నారట. కథ కథే కావచ్చు. ప్రభువు దగ్గర గ్రాంటు రాబట్టడం తెలిసిన మనిషి మీదనే ఇలాంటి కథలు పుడతాయి. అంతకన్నా ముఖ్యమైనది ధర్మాదాయాల, అంటే వక్ఫ్ ఆస్తుల, పర్యవేక్షణ ఆయన చేతికి రావడం. వేధశాలకు నిలకడైన రాబడి అక్కడినుంచి వచ్చింది. అందుకే హులాగూ 1265లో చనిపోయినా పని ఆగలేదు.

పరికరాలను దమాస్కసు నుంచి వచ్చిన ముఅయ్యదుద్దీన్ ఉర్దీ తయారు చేశాడు. వాటిలో గోడకు కట్టిన పావువృత్తపు యంత్రం వ్యాసార్ధం సుమారు 430 సెంటీమీటర్లు. పరికరం పెద్దదైతే దాని అంచు మీద ఒక్కో డిగ్రీకి చోటు పెరుగుతుంది. ఈ కొలత ప్రకారం డిగ్రీకి ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది, దాన్ని 60 భాగాలు చేసినా ఒక్కో గీత మధ్య మిల్లీమీటరు పైన మిగులుతుంది. కంటితో చూసే కాలంలో అదే పెద్ద సంపద. గ్రంథాలయంలో నాలుగు లక్షల పుస్తకాలు ఉండేవన్న అంకె అన్నిచోట్లా కనిపిస్తుంది. దాన్ని అక్షరాలా నమ్మనక్కరలేదు, అందులో పదోవంతు ఉన్నా ఆ కాలానికి గొప్పే. కుతుబుద్దీన్ షీరాజీ, ముహ్యిద్దీన్ మగ్రిబీ, కాతిబీ కజ్వీనీ వంటివారు అక్కడ పనిచేశారు. చైనా నుంచి వచ్చిన పండితుడూ ఉన్నాడు. సిరియాక్ క్రైస్తవ పండితుడు బార్ హెబ్రయస్ మరాగాలో ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడును, ఖగోళశాస్త్రజ్ఞుడు టాలమీని పాఠం చెప్పాడు.

వేధశాల నుంచి రావలసిన ఫలితం గ్రహగతుల పట్టికలు, పారసీలో జీజ్. పని పూర్తికి కనీసం 30 ఏళ్లు కావాలని తూసీ అన్నాడు. శని ఒక రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, పన్నెండు రాశులూ చుట్టి రావడానికి ఇంచుమించు 30 ఏళ్లు. ఒక చుట్టయినా పూర్తిగా చూడకుండా శని పట్టిక ఎలా వేస్తారు? హులాగూ 12 ఏళ్లలో కావాలన్నాడు. ఫలితంగా 1271 ప్రాంతంలో, హులాగూ కొడుకు అబాకా కాలంలో, పూర్తయిన 'జీజ్-ఎ-ఇల్‌ఖానీ' చాలావరకు పాత పట్టికల మీదే ఆధారపడింది. పేరు పెద్దదే కానీ మరాగా పరిశీలనల అసలు సారం అందులో కన్నా, 1262 నుంచి 1274 దాకా ఓపికగా కొలతలు తీసి మగ్రిబీ సొంతంగా తయారు చేసిన పట్టికల్లో ఎక్కువగా ఉంది. అయనచలనానికి, అంటే విషువద్బిందువులు నక్షత్రాల మధ్య మెల్లగా వెనక్కి జరగడానికి, ఏడాదికి 51 వికలలు (వికల అంటే డిగ్రీలో 3600వ వంతు) అన్న విలువ మాత్రం బాగుంది. టాలమీ 36 అన్నాడు, నేటి విలువ 50 చిల్లర.

కాబట్టి తూసీ గొప్పతనం పట్టికల్లో వెతికితే నిరాశే. అది 1261లో రాసిన 'తజ్‌కిరా' గ్రంథం రెండో భాగం పదకొండో అధ్యాయంలో ఉంది.

టాలమీ లెక్కలో గ్రహం ఒక చిన్న వృత్తం మీద తిరుగుతుంది, మన సిద్ధాంతగ్రంథాల భాషలో నీచోచ్చవృత్తం మీద. ఆ చిన్న వృత్తపు కేంద్రం పెద్ద కక్ష్యావృత్తం మీద తిరుగుతుంది. కక్ష్యావృత్తపు కేంద్రం భూమికి కాస్త పక్కన ఉంటుంది. ఇంతవరకు పేచీ లేదు. కానీ ఆ తిరుగుడు సమవేగంతో ఉన్నట్టు కనిపించేది భూమి నుంచి కాదు, వృత్తకేంద్రం నుంచీ కాదు. కేంద్రానికి అవతలి పక్క, భూమి ఎంత దూరమో అంతే దూరంలో ఉన్న మూడో బిందువు నుంచి. గానుగ చుట్టూ తిరిగే ఎద్దును తలుచుకోండి. అది కాడికి కట్టబడి రోటి చుట్టూ తిరుగుతుంది, కానీ దాని నడక రోటి దగ్గర కాకుండా రెండడుగుల పక్కన నిలబడినవాడికి మాత్రమే సమంగా కనిపించాలని షరతు పెడితే, ఎద్దు ప్రతి చుట్టులోనూ లెక్క చూసుకుని వేగం మార్చుకోవాలి. ఆనాటి నమ్మకం ప్రకారం గ్రహాలను మోసేవి గట్టి గోళాలు. గోళం తన ఇరుసు మీద సమంగా తిరుగుతుంది తప్ప ఇరుసు కాని చోటును చూసుకుంటూ తిరగదు. లెక్క చక్కగా కుదిరినా, ఆ లెక్క చెప్పే యంత్రం నిలబడదు. 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్-హైథమ్ ఈ అభ్యంతరాన్ని గట్టిగా రాశాడు, పరిష్కారం మాత్రం ఇవ్వలేదు.

1235 నాటి ఆ చిన్న పుస్తకంలో తూసీ దీనికి పరిష్కారం ఉందని సూచించి, చెప్పకుండా వదిలేశాడు. తర్వాత దానికి రాసిన అనుబంధంలో మొదటి రూపం ఇచ్చాడు. 1247లో టాలమీ 'అల్మజెస్ట్'ను తిరగరాసినప్పుడు మళ్లీ దాన్ని పట్టుకున్నాడు. 1261లో పూర్తిరూపం వచ్చింది. కుహిస్తాన్‌లో మొదలై, అలమూత్‌లో పెరిగి, మంగోలుల నీడలో తేలిన ఆలోచన అది. ముగ్గురు ప్రభువులు మారారు, ప్రశ్న మారలేదు.

ఇప్పుడా పరిష్కారం. అంచు ఉన్న గుండ్రటి పళ్ళెం ఒకటి, దాని లోపలి వ్యాసంలో సరిగ్గా సగం వ్యాసమున్న డబ్బా మూత ఒకటి తీసుకోండి. మూత అంచు మీద ఒకచోట చుక్క పెట్టి, పళ్ళెం అంచుకు ఆనించి జారకుండా లోపలే దొర్లించండి. చుక్క వంకరగా తిరుగుతుందని మనసు చెబుతుంది. కానీ అది పళ్ళెం వ్యాసం వెంట తిన్నగా ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. నేను మొదటిసారి తరగతిలో చేసినప్పుడు మూత జారి పిల్లలంతా నవ్వారు. అంచు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క అంటించాక జారడం ఆగింది. ట్యూబు మందాన్ని కలుపుకుని సగం లెక్క చూసుకోవాలన్న సంగతి రెండోసారి తప్పు వచ్చాక తెలిసింది.

రుజువుకు తొమ్మిదో తరగతి సిద్ధాంతం చాలు. మూత వ్యాసం పళ్ళెం వ్యాసార్ధంతో సమానం కనుక మూత ఎక్కడున్నా దాని అంచు పళ్ళెం కేంద్రం మీదుగానే పోతుంది. తాకే బిందువు పళ్ళెం మీద ఒక కోణం మేర జరిగితే, దొర్లిన చాపం పొడవు మూతలోనూ అంతే ఉండాలి. మూత వ్యాసార్ధం సగమే కాబట్టి మూత కేంద్రం దగ్గర ఆ చాపం రెండింతల కోణం చేస్తుంది. వృత్తకేంద్రం దగ్గరి కోణం పరిధి మీది కోణానికి రెండింతలు కదా, కనుక మూత అంచు మీదే ఉన్న పళ్ళెం కేంద్రం నుంచి చూస్తే చుక్క ఉన్న దిక్కుకూ తాకే బిందువు ఉన్న దిక్కుకూ మధ్య కోణం మళ్లీ మొదటిదే. అంటే తాకే బిందువు ఎంత ముందుకు జరిగినా చుక్క మొదలెట్టిన దిక్కునే ఉంది. రెండు సమమైన తిరుగుళ్ల నుంచి ఒక సరళరేఖ పుట్టింది. తిన్నగా కదలడం నేల మీది వస్తువుల లక్షణం, గుండ్రంగా తిరగడం ఆకాశ లక్షణం అని అరిస్టాటిల్ కాలం నుంచి గీసిన గీత ఇక్కడ చెరిగిపోయింది, అయినా ఈ సంగతి తూసీ పెద్దగా చాటుకోలేదు.

ఈ జంట వృత్తాలతో ఆయన చేసింది ఇది: గోళాన్ని దాని సొంత ఇరుసు మీదే సమంగా తిరగనిచ్చి, నీచోచ్చవృత్తపు కేంద్రాన్ని మాత్రం ఈ జంట చేత కొంచెం లోపలికి, కొంచెం బయటికి లాగించాడు. ఫలితం టాలమీ లెక్కకు దాదాపు సరిపోతుంది, ఇరుసు కాని చోటు చుట్టూ తిరగవలసిన అవసరం పోతుంది. చంద్రుడికి, శుక్రుడికి, బయటి మూడు గ్రహాలకు కుదిరింది. బుధుడికి కుదరలేదు. ఆ మాట 'తజ్‌కిరా'లో ఆయనే ఒప్పుకుని, దొరికితే చేరుస్తానన్నాడు, చేర్చలేదు. బుధుడి చిక్కును ఆయన శిష్యుడు షీరాజీ అందుకున్నాడు.

ఇక కోపర్నికస్. 1543 నాటి ఆయన గ్రంథం మూడో భాగం నాలుగో అధ్యాయంలో ఇదే జంట వృత్తాల బొమ్మ, ఇదే రుజువు ఉన్నాయి. రెండు బొమ్మల్లో బిందువులకు పెట్టిన అక్షరాలు కూడా చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయని 1973లో శాస్త్రచరిత్రకారుడు విల్లీ హార్ట్‌నర్ చూపించాడు. చంద్రుడికి కోపర్నికస్ ఇచ్చిన నమూనా 14వ శతాబ్దపు దమాస్కసు పండితుడు ఇబ్న్ అల్-షాతిర్ నమూనాతో కలుస్తుంది. తూసీ జంట బొమ్మ ఉన్న గ్రీకు రాతప్రతి ఒకటి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. కోపర్నికస్ చదువుకున్న పాడువాలోనే ఉన్న ఖగోళ పండితుడు అమీకో 1536లో అచ్చువేసిన పుస్తకంలోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. ఏ చేతినుంచి ఏ చేతికి అందిందో చూపే కాగితం మాత్రం దొరకలేదు, అందుకే స్వతంత్రంగా కనిపెట్టాడనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇన్ని పోలికలు ఒకేచోట యాదృచ్ఛికంగా కలిశాయంటే నాకు మింగుడుపడదు.

అయితే పద్ధతి వేరు, సిద్ధాంతం వేరు. సూర్యుణ్ణి మధ్యలో పెట్టడం తూసీలో ఎక్కడా లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందా అన్న చర్చలో ఆయన ఆసక్తికరమైన మాట ఒకటి అన్నాడు: గాలి కూడా భూమితోపాటే తిరగవచ్చు కనుక, పైకి విసిరిన వస్తువు ఎక్కడ పడుతుందన్న పరీక్షతో ఈ విషయం తేలదని. అంత చెప్పి, ప్రకృతి సూత్రాల బలంతో భూమి కదలదనే తేల్చాడు. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపించే ఉపమానంతో ఆర్యభటుడు అంతకు ఏడు శతాబ్దాల ముందే భూభ్రమణాన్ని చెప్పాడని మనవాళ్లు ఇక్కడ గుర్తు చేస్తారు, అది సరే. పరీక్షతో తేలనిదాన్ని తేలదని తూసీ చెప్పడం కూడా తక్కువ పని కాదు.

ఆయన రచనలుగా చెప్పేవి 150కి పైనే ఉన్నాయి. త్రికోణమితిని ఖగోళానికి తోకగా కాక సొంత శాస్త్రంగా నిలబెట్టిన గ్రంథం వాటిలో ఒకటి. సమాంతర రేఖల మీద ఆయన పేరుతో 1594లో రోములో అచ్చయిన పుస్తకాన్ని మాత్రం జాగ్రత్తగా వాడండి. అది 1298 నాటిది, తూసీ 1274 జూన్ 26న బాగ్దాదులో చనిపోయి కాజిమైన్‌లో సమాధి అయ్యాడు.

మన దేశంతో సంబంధం అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 18వ శతాబ్దంలో జయపురం కట్టించిన రాజు జయసింహుడి ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్టు తూసీ తిరగరాసిన యూక్లిడును అరబీ నుంచి సంస్కృతంలోకి తెచ్చి దానికి 'రేఖాగణితం' అని పేరు పెట్టాడు. మన బడి పుస్తకాల్లో ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఆ గొలుసు గుర్తొస్తుంది. 1729లో అదే ఆస్థానంలో నయనసుఖ ఉపాధ్యాయుడు 'తజ్‌కిరా' నుంచి ఒకే ఒక్క అధ్యాయాన్ని, తర్వాతి కాలపు పండితుడు బీర్జందీ వ్యాఖ్యతో సహా, సంస్కృతంలోకి మార్చాడు. కోపర్నికస్ పుస్తకం వచ్చి అప్పటికి 186 ఏళ్లు. ఆయన ఎంచుకున్నది రెండో భాగం పదకొండో అధ్యాయం.